పంది కొవ్వుతో రాసిన ఉత్తరం

మా నాయనమ్మ తిర్జా టాకెట్ మిసోరి నది దాటి పడమటికి బయలుదేరిందని కబురు తెలియగానే రాకీ పర్వతాలు వాటంతట అవే పక్కకి జరిగి దారి ఇచ్చాయి. రెండు వేల మైళ్లూ ఆమె ఎద్దుల్ని తోలనే లేదు, ఆమె నోటికి జడిసి ఎద్దులే నడిచాయి. దారిలో ఆమె దులిపిన గౌను దుమ్ముతోనే ఆ మధ్యనున్న ఎడారి అంతా ఏర్పడింది. ఇవాళ ఓరెగాన్‌లో ఇన్ని యాపిల్ తోటలు, ఇన్ని చర్చీలు, ఇంతమంది పనికిమాలిన మనవలు ఉన్నారంటే అదంతా ఆమె చలవే.

ఇంతవరకు చదివి వినిపిస్తే నాయనమ్మ బఠాణీలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. "అబద్ధాలకి సిరా దండగ చేస్తావెందుకే?" అంది.

అయినా ఉంచేశాను. ఏటా జూన్‌లో మన లోయలో జరిగే తొలి వలసదారుల సభలో ఒక్కో ఇంటివాళ్లు తమ ముసలివాళ్ల కథ చదవాలని నియమం కదా. కిందటేడు ఫించ్ వాళ్ల మనవడు తన తాత ఒంటిచేత్తో నలభై ఎలుగుబంట్లను చంపాడని చదివాడు. ఆ తాత ముందు వరసలోనే కూర్చుని కోడిమాంసం తింటూ అవునవునని తలూపాడు. అలాంటి సభలో మా నాయనమ్మ తక్కువైతే నేనూరుకుంటానా? ఈ ఏడు వంతు మాది. మా ఇంట్లో నాలుగో వాచకం దాటింది నేనొక్కదాన్నే. ఐదో వాచకం మధ్యలో ఒక కప్ప విషయంగా పంతులమ్మకీ నాకూ మాటా మాటా పెరిగింది, చదువు అక్కడితో ఆగింది. అందుకని తప్పులుంటే కప్పని అడగండి.

ఇక అసలు కథ. మొదటి పేరాలో ఉన్నట్టు ఇందులో పర్వతాలు జరగవు.

పద్దెనిమిది వందల యాభై రెండు వేసవి. నాయనమ్మకి పందొమ్మిదేళ్లు, పెళ్లయి రెండు నెలలు. బండిలో వాళ్లు ముగ్గురు. నాయనమ్మ, తాతయ్య ఓరిన్, తాతయ్య తల్లి పర్మీలియా. ఓరిన్ ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. బండికి ఆరు ఎద్దులు, వెనక కట్టిన పాడి ఆవు ప్యాన్సీ. ఇలాంటి బండ్లు ఇరవై రెండు కలిసి ఒక బిడారు. దానికి కెప్టెన్ స్ట్రౌడ్ అనే పెద్దమనిషి. గడ్డం పొడుగు, మాట పొట్టి.

తెల్లారకముందే తుపాకీ పేలుస్తారు, అది లెమ్మని పిలుపు. మగవాళ్లు పశువుల్ని తోలుకొచ్చేలోపు ఆడవాళ్లు కాఫీ కాచి, ఉప్పు పందిమాంసం వేయించి, ఆ కొవ్వులోనే అట్లు పోసేయాలి. చెట్టన్నది లేని నేల కాబట్టి పొయ్యిలోకి అడవిదున్నల పేడే దిక్కు. ఎండిన పిడకలు ఏప్రన్ నిండా ఏరుకొచ్చేది నాయనమ్మ. పర్మీలియా ఒక్కొక్క పిడకనీ వేలితో తట్టి చూసేది. డప్పులా మోగితే పొయ్యిలోకి, మోగకపోతే కోడలి కాళ్ల దగ్గరికి. పొద్దున పితికిన పాలు మూత బిగించి బండి వెనక తగిలిస్తే, సాయంత్రానికి ఆ కుదుపులకే వెన్న తేలేది. ఆ ప్రయాణంలో ఎవరి చేతులూ నొప్పెట్టకుండా అయిన పని అదొక్కటే. ఎద్దులకు బరువని ఎవరూ బండి ఎక్కరు. నడకే. ఇవాళ వరసలో ముందున్న బండి రేపు అన్నిటికన్నా వెనక్కి పోవాలి. వెనకబడిన రోజున ముందు ఇరవై ఒక్క బండ్ల దుమ్మూ మీ భోజనం.

పర్మీలియాకి చదువు రాదు. కానీ మెడలో నీలం ఉన్ని దారం ఒకటి వేసుకునేది. దారి పక్కన కొత్త సమాధి కనబడ్డప్పుడల్లా దానికి ఒక ముడి. ఆ ఏడు కలరా సంవత్సరం. ప్లాట్ నది దాటేసరికే దారం చాలక ఇంకో మూర కలిపి అల్లింది. ఆ దారం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఎన్ని ముడులో మాత్రం అడక్కండి. ఏడేళ్ల వయసులో చేపలు పట్టడానికి దారం కావాల్సి వచ్చి నేను పదకొండు విప్పేశాను. నాయనమ్మ నన్ను కొట్టింది అదొక్కసారే. కొట్టి, తనే ఏడ్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ అత్తాకోడళ్లకి గొడవ రాట్నం దగ్గర వచ్చింది. అది నాయనమ్మకి వాళ్లమ్మ ఇచ్చిన రాట్నం. పర్వతాల దగ్గరికొచ్చేసరికి ఎద్దులు ఎముకలు తేలి, అందరూ దారి పక్కన సామాన్లు పారేయడం మొదలుపెట్టారు. ఇనప పొయ్యిలు, అద్దాలు, ఎవరిదో పియానో కూడా.

"ఆ రాట్నం దించు" అంది పర్మీలియా.

"మీ గోడ గడియారమో?"

"గడియారం ఎంత బరువుంటుందే?"

"బరువు కాదత్తా, ఇక్కడ దానికి గోడేదీ?"

ఓరిన్ ఇద్దరి ముఖాలూ చూసి, రాట్నం దించి గడ్డిలో పెట్టాడు. ఆ సాయంత్రం నుంచి ఆడవాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే పెనం ముందు కూర్చుని, "ఓరిన్, మీ ఆవిణ్ణి ఉప్పు ఇమ్మను" అని ఒకరు. "ఏమయ్యా, ఉప్పు మీ అమ్మ మోకాలి దగ్గరే ఉందని చెప్పు" అని ఇంకొకరు. "నేనింతకన్నా మిసోరిలో పోస్టాఫీసులో కొలువు చేసుకున్నా పోయేది. జీతమైనా ఇచ్చేవాళ్లు" అనేవాడట తాతయ్య.

పోస్టాఫీసు అంటే గుర్తొచ్చింది. ఆ దారిలో ఉత్తరాలు పుర్రెల మీద రాసేవాళ్లు. అడవిదున్న పుర్రెలు ఎండకి తెల్లగా సున్నం వేసినట్టయి ఎక్కడపడితే అక్కడ పడి ఉండేవి. ముందు వెళ్లేవాళ్లు వెనక వచ్చే తమవాళ్ల కోసం వాటి మీద రాసి దారి పక్కన నిలబెట్టేవాళ్లు. 'ఈ నీళ్లు తాగకండి.' 'జోయెల్, నీ కుక్క మా దగ్గరుంది, నువ్వెక్కడ?' ఎవరి పేరున ఉన్నా అందరూ ఆగి చదివేవాళ్లు. పత్రికా అదే, పక్కింటి కబుర్లూ అవే. పెన్సిల్‌తో రాస్తే ఎండకి రెండు రోజుల్లో పోతుంది. ఎక్కువమంది ఇరుసు కందెనలో కలిపే తారుతో రాసేవాళ్లు. ఆ తారు బకెట్ ప్రతి బండికీ వెనక ఇరుసు కింద వేలాడుతూ ఉండేది.

పెద్ద కనుమ దాటిన మర్నాడు పొద్దున చూస్తే మా ఎద్దుల్లో రెండు లేవు. నెడ్, మేజర్. రాత్రి మేతలో ఎటో పోయాయి. గడ్డి లేని చోట బిడారు ఆగదు. ఓరిన్ తుపాకీ, నీళ్ల సీసా, నాలుగు రొట్టెలు తీసుకుని వెనక్కి బయలుదేరాడు.

"ఎప్పటికొస్తావు?" అంది నాయనమ్మ.

"రాత్రికి. లేదా రేపు. ఎల్లుండి మీరు దారి చీలిక దగ్గరికి చేరతారు, అక్కడ ఎడమ దారే కదా మనది. ఎంత దూరంలో ఉన్నా వెనకే వచ్చి పట్టుకుంటా."

"దారి మారితే?"

"పుర్రె మీద రాసిపెట్టు. నీ గొలుసుకట్టు అక్షరం చీకట్లో తడిమినా పోల్చుకుంటా."

తల్లి దగ్గరికి వెళ్లి, "నేనొచ్చేదాకా ఇద్దరూ ఉప్పు ఎలా అడుక్కుంటారో మరి" అన్నాడు. పర్మీలియా నవ్వలేదు. వాడి టోపీ సరిచేసింది.

మూడో రోజు మధ్యాహ్నానికి బిడారు చీలిక దగ్గరికి చేరింది. ఓరిన్ రాలేదు. ఎడమ దారి చుట్టుదారి, కానీ నీళ్లుంటాయి. కుడి దారి వారం రోజులు కలిసొచ్చే అడ్డదారి, కానీ యాభై మైళ్లు చుక్క నీరుండదు. గ్రీన్ నది దాకా ఒక్క ఊపున పోవాల్సిందే. అప్పుడే ఎడమవైపు నుంచి గుర్రం మీద ఒకడు ఎదురొచ్చి, అటు గడ్డంతా ముందు బిడార్లు మేపేశాయనీ, ప్రతి మజిలీలో జ్వరాలేననీ చెప్పాడు. మగవాళ్లు టోపీలు తీసి చేతులెత్తారు. కుడి దారి గెలిచింది.

"ఓటేశారమ్మా" అన్నాడు కెప్టెన్ నాయనమ్మతో.

"మేం వెయ్యలేదుగా" అంది పక్క బండి డోర్కస్ ఫించ్. నలభై ఎలుగుబంట్ల పెద్దాయన భార్య ఈవిడే. మనిషి చనిపోయింది గానీ ఆ మాట మా లోయలో ఇంకా బతికే ఉంది.

"మీ ఆయన ఎడమ దారే అనుకుంటాడు. ఇక్కడ రాసిపెట్టు. నాలుగింటికి బండ్లు కదలాలి" అన్నాడు కెప్టెన్.

ఇప్పుడు వస్తుంది మా తాతయ్య ఏటా ఈ సభలోనే, బతికున్నన్నాళ్లూ చెప్పి నవ్వించిన ముక్క. నాయనమ్మ తారు కోసం బకెట్ మీద చెయ్యి వేసిందట. బకెట్‌లో అడుగున నాలుగు వేళ్ల తారుంది. పర్మీలియా కోడలితో మాట్లాడదు కదా, కొడుకూ లేడు. అందుకని ఆవు వైపు తిరిగి, "ప్యాన్సీ, ముందు యాభై మైళ్ల ఎడారుంది. తారు ఇరుసుకి పెట్టాలా, అక్షరాలకి పెట్టాలా? నీకు బుద్ధుంది కాబట్టి నిన్నడుగుతున్నా" అందట. నాయనమ్మ కూడా ఆవు చెవిలోనే, "సరే ప్యాన్సీ, మీ పెద్దమ్మగారి తారు ఆవిడే దాచుకోమను" అందట. ఈ మాటలు జరిగినప్పుడు తాతయ్య ఎన్నో మైళ్ల దూరంలో ఉన్నాడు. కానీ ఆయన చెబితే ఆవు ముఖం కూడా కనబడేది. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నాయనమ్మ మాత్రం ఆ ముక్క రాగానే పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచిపోయేది. అత్త మీద కోపం ఇంకా చల్లారలేదని మేం గుసగుసలాడుకునేవాళ్లం.

ఏదైతేనేం, నాయనమ్మ పెనం అడుగున మసి గీకి, పంది కొవ్వులో కలిపి, పుల్లతో పుర్రె నుదుటి మీద రాసింది. 'ఓరిన్, కుడి దారిన వెళ్లాం. నది దగ్గర ఆగుతాం. తిర్జా.' నల్లగా నిగనిగలాడుతూ ముత్యాల్లా వచ్చాయట అక్షరాలు. రాళ్లు పేర్చి, వచ్చే దారికి ఎదురుగా పుర్రెని నిలబెట్టింది. నాలుగింటికి బండ్లు కదిలాయి. మిగిలిన నాలుగు ఎద్దుల్ని పర్మీలియా ఎడమ పక్క నుంచి, నాయనమ్మ కుడి పక్క నుంచి తోలారు. ఎండ తగలకుండా రాత్రంతా నడిచారు. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఎద్దులతో తప్ప ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

తెల్లారేసరికి ఇరవై మైళ్లు వచ్చారు. గంటసేపు ఆగి, తలా అర గ్లాసు కాఫీ కాచుకున్నారు. డోర్కస్ వాళ్ల కుక్క జిప్ వచ్చి, బోర్లించి ఉన్న నాయనమ్మ పెనం వెనక నాకడం మొదలుపెట్టింది. కొవ్వు, మసి కలిసి కారిన చోటది. ఇంచీ ఇంచీ నాకి, పెనం అడుగు అద్దంలా చేసి, నల్లటి నాలుక బయటపెట్టి మూతి తుడుచుకుంది.

"చూడవే తిర్జా! నీ వంట ఎన్నడూ ముట్టదు, నీ మసి మాత్రం ఎంత ఇష్టంగా తిందో" అని నవ్వింది డోర్కస్.

నాయనమ్మ చేతిలో కాఫీ ఇసకలో పడిపోయింది. ఆ ఎడారిలో అర గ్లాసు కాఫీ పారబోసిన మనిషిని చూసి చుట్టూ ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆమె చూస్తున్నది కుక్క నాలుకని. చీలిక దగ్గర ఆ మధ్యాహ్నమంతా తోడేళ్లు దూరంగా కూర్చుని బండ్లు ఎప్పుడు కదులుతాయా అని చూస్తూనే ఉన్నాయి.

"కొవ్వుతో రాశాను" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. "నేను ఉత్తరం కొవ్వుతో రాశాను. నాకేసి ఉంటాయి. ఓరిన్ ఎడమ దారిన పోతాడు!"

ఆ రెండు దారులూ మళ్లీ కలిసేది పది పన్నెండు రోజుల తర్వాత. ఒంటరిగా, తిండి లేకుండా, జ్వరాల మజిలీల మీదుగా, తమవాళ్లు ముందున్నారనుకుని ఒక మనిషి పరిగెత్తుతూ పోతే ఏమవుతుందో అక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పర్మీలియా దారం నిండా అలాంటివాళ్లే.

కెప్టెన్ గడ్డం పట్టుకుని నిలబడ్డాడు. "ఆగితే ఎద్దులు చస్తాయి. ఎద్దులు చస్తే పిల్లలు చస్తారు. బిడారు ఆగదమ్మా. నువ్వు నడిచి వెనక్కి పోతానంటే నిన్ను కట్టెయ్యను. అంతకన్నా నా చేతిలో ఏం లేదు."

"బండి ఎవరు తోలతారు?" అన్నాడు ఎవరో.

పర్మీలియా బండి కిందికి దూరింది. తారు బకెట్ కొక్కెం ఊడదీసి బయటికొచ్చింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి కోడలి ముఖంలోకి చూసి మాట్లాడింది.

"ఇది తీసుకెళ్లు. నిన్ననే తీసుకోవాల్సింది."

"మరి ఇరుసుకో?"

"కందెన లేకపోతే ఇరుసు అరుస్తుంది. అరవనీ. నాకు ఒక చెవి ఎలాగూ వినబడదు."

"నాలుగు ఎద్దుల్ని ఒక్కరూ..."

"నువ్వు పుట్టకముందు నుంచీ తోలుతున్నా. పో." తన నీళ్ల సీసా కూడా తీసి కోడలి భుజానికి తగిలించింది. మెడలో దారం పట్టుకుని, "దీనికి వాడి ముడి నాచేత వేయించకు" అంది.

ఆ ఇరవై మైళ్ల నడక గురించి మా నాయనమ్మని ఎన్నిసార్లడిగినా "ఎండగా ఉంది" అంటుంది, అంతే. ఎండగానే ఉండి ఉంటుంది. జూలై. కాళ్లకి తోలు బూట్లు, అడుగులు ఊడినవి. చేతిలో తారు బకెట్. మధ్యాహ్నం వేళ ఎదురుగా ఇంకో బిడారు వచ్చింది. మొదటి బండి పక్కన నడుస్తున్న ఒక లావుపాటావిణ్ణి ఆపి, చీలిక దగ్గర పుర్రె చూశారా అని అడిగింది.

"పుర్రెనా? ఆ, రాళ్ల మీద ఒకటుంది. కడిగిన కంచంలా ఉంది. మావాడు దాని మీదెక్కి గెంతాడు. ఏం, నీదా?"

"ఒక మనిషి... పొడుగ్గా, గోధుమరంగు టోపీ..."

"ఒక ఎద్దుని తాడేసి లాక్కెళ్తున్నవాడేనా? ఇవాళ పొద్దున ఎడమ దారి పట్టాడు. తూలుతున్నాడు పాపం, తాగాడనుకున్నాం. నీకేమవుతాడు?"

నాయనమ్మ పరిగెత్తింది. ఆ లావుపాటావిడ వెనక నుంచి, "నీళ్లు పట్టుకెళ్లవే పిల్లా! ఓసి పిచ్చిదానా, నీళ్లు!" అని అరుస్తూ కొంత దూరం వెంటొచ్చి సీసా నింపి వెళ్లింది. ఆవిడ కెంటకీ ఆవిడ. ఆవిడ మాట మళ్లీ వస్తుంది.

పొద్దు వాలే వేళకి చీలిక దగ్గరికి చేరింది. పుర్రె నిలబెట్టినచోటే ఉంది. నుదురు మీద అక్షరం కాదు కదా, మచ్చ కూడా లేదు. చుట్టూ దుమ్ములో తోడేళ్ల పాదాల గుర్తులు, పూలు చల్లినట్టు. ఆమె ఆగలేదు. ఎడమ దారి పట్టి, పేరు పెట్టి కేకలేసుకుంటూ పోయింది. రెండు మైళ్లు పోయాక దారి మధ్యలో మేజర్ కనబడింది. మెడలో తాడు, తాడు చివర ఎవరూ లేరు. అది ఒక పొద వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ పొద నీడలో మా తాతయ్య, ఒళ్లు కాలిపోతూ పడి ఉన్నాడు. టోపీ లేదు. కనుమ దగ్గర తాగకూడని నీళ్లు తాగాడు. నెడ్ చనిపోయి దొరికింది, మేజర్ బతికి దొరికింది. ఆయన్ని ఆపింది ఆ జ్వరమే. అదే లేకపోతే ఆయన కాళ్లు పొడుగు, ఆ సాయంత్రానికి ఇరవై మైళ్లు పోయి ఉండేవాడు. మా నాయనమ్మకి ఎప్పటికీ అందేవాడు కాదు, నేను ఇప్పుడు మీ ముందు నిలబడి ఇది చదివేదాన్నీ కాదు.

నీళ్లు గొంతులో పడ్డాక కళ్లు తెరిచాడు. "పుర్రె చూశాను" అన్నాడు.

"ఏమీ లేదు కదా?"

"వాసన చూశాను. వేయించిన పందిమాంసం వాసన. ఇది మా ఇంటిదే అనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "కానీ ఏం రాశారో వాసన చెప్పదుగా, తిర్జా."

ఆయన్ని మేజర్ వీపు మీద వేసుకుని చీలిక దగ్గరి వాగు దాకా తెచ్చింది. మర్నాడు పొద్దున ఆ పుర్రె మీద తారుతో మళ్లీ అవే మాటలు రాసింది. తాతయ్య పడుకునే చూస్తూ, "ఎవరికే ఇప్పుడా ఉత్తరం? నేనిక్కడే ఉన్నానుగా" అన్నాడు. "రాయాల్సింది రాయాలి" అంది నాయనమ్మ. అటుగా వచ్చిన వేరే బిడారువాళ్లు మేజర్‌ని తమ కాడికి కట్టుకుని, బదులుగా ఆయన్ని బండిలో పడుకోబెట్టుకున్నారు. నాయనమ్మ పక్కనే నడిచింది. మూడు రోజుల్లో ఆ దారిన మూడోసారి.

ముప్ఫై మైళ్ల దగ్గర మా బండి కనబడింది. ఒక పక్కకి ఒరిగి, వెనక చక్రం ఊడి పడి ఉంది. కందెన లేక ఇరుసు రాపిడికి కాలి బొగ్గయింది. బండిలో పిండి లేదు, ఎద్దులు లేవు, ఆవు లేదు. గోడ గడియారం ఉంది, దుప్పటిలో చుట్టి. బండి ముందు కొయ్యకి నీలం దారం వేలాడుతోంది. నాయనమ్మ దాన్ని తీసి చివరి ముడి వెతికింది. బయలుదేరినప్పుడు చివరి ముడి తర్వాత జానెడు ఖాళీ ఉంది. ఇప్పుడూ జానెడే. చదువు రాని మనిషి రాసి పెట్టిన ఉత్తరమది. నేనింకా నడుస్తున్నాను, వాడికి ముడి వెయ్యలేదు అని.

గడియారాన్ని అక్కడే వదిలేశారు. తీసుకెళ్లమని తాతయ్య అనలేదు, తీసుకెళ్దామని నాయనమ్మా అనలేదు.

గ్రీన్ నది ఒడ్డున పర్మీలియా కూర్చుని ఉంది. పక్కన నాలుగు ఎద్దులు, ప్యాన్సీ. కాళ్లకి అక్కడి షోషోనీ తెగవాళ్ల మెత్తటి తోలు చెప్పులు. ఒక షోషోనీ ఆవిడ వెన్న ముద్ద తీసుకుని ఇచ్చిందట, ఆ కాళ్లు చూసి. బిడారు ముందుకు వెళ్లిపోయింది. ఈవిడ కదలనని కూర్చుంది. బండి దిగుతున్న కొడుకుని ఎగాదిగా చూసి, "ఎండలో టోపీ లేకుండా తిరిగావా?" అంది. కోడలి వైపు తిరిగి, "కాఫీ ఉంది" అంది. అంతే. తర్వాత ఇద్దరూ నేరుగానే మాట్లాడుకున్నారు, ఉప్పుతో సహా.

కెంటకీ ఆవిడ అక్కడే కనబడింది. వాళ్ల బిడారు ఎద్దుల్ని మేపుకుంటూ ఆగింది. వాళ్లకి మా ఎద్దులిచ్చి, వాళ్ల బండిలో ఒక మూల చోటు తీసుకుని ఈ లోయ చేరారు. కానీ పర్మీలియా కాళ్లు మానలేదు. బండి విరిగాక పిండి మూట మోసుకుంటూ, చివరి ఇరవై మైళ్లు ఎద్దుల పక్కన ఆ కాలే ఇసకలో నడిచిన కాళ్లు అవి. మడమ చీము పట్టింది. బ్లూ పర్వతాలు ఎక్కేటప్పుడు కర్రతో నడిచింది, దిగేటప్పుడు ఆ కర్రతో కూడా నడవలేకపోయింది. ఎవరిదో పశువుల కొట్టంలో ఆ చలికాలం గడుపుతుంటే ఫిబ్రవరిలో పోయింది. ఆ దారానికి చివరి ముడి మా నాయనమ్మ వేసింది. ఏడేళ్ల వయసులో నేను మొదట విప్పింది ఏ ముడో మీకు ఇప్పుడు చెప్పక్కర్లేదు. చివరి కొస చేతికందింది కదా అని అక్కడ మొదలుపెట్టాను.

ఇదీ మా నాయనమ్మ కథ. నిన్న మధ్యాహ్నం దీన్నంతా మొదటి నుంచి చివరిదాకా ఆమెకి చదివి వినిపించాను. బఠాణీలు అయిపోయినా ఖాళీ తొక్కల్ని ఒలుస్తూ కూర్చుంది. ఆవు దగ్గరి ముక్క తాతయ్య గొంతుతో చదివాను. లేచి పోలేదు. పొయ్యి మీద ఏమీ మాడలేదు.

"ఎలా ఉంది నాయనమ్మా? జనం నవ్వుతారా?" అన్నాను.

"నవ్వుతారు. ఆవిణ్ణి చూసి నవ్వుతారు. ఆ తారు ముక్క కొట్టెయ్. ఆవిడ లేదనలేదు, నేను అడగలేదు. ఆవుని కూడా అడగలేదు. మధ్యలో మాట మోసే మొగుడు లేడు, నోరు తెరిచి అత్తని అడగడం నామోషీ అనిపించి పెనం గీకాను. మీ తాత కట్టిన కథ నాకు కలిసొచ్చిందని నలభై ఏళ్లు నోరు మూసుకున్నాను. అడిగుంటే రెండు మాటలతో పోయేది, ఆవిడ కాళ్లు ఆవిడకి ఉండేవి. అది రాయి ఆల్మా. సిరా దానికి ఖర్చుపెట్టు."